1951 షెవ్రోలే 3100 పికప్‌లో కమ్మిన్స్ 4బీటీ డీజిల్ ఇంజిన్: అనుభవం ఉన్నవారి సలహాలు కావాలి

డెంటన్_పికప్:
మిత్రులందరికీ నమస్కారం. నేను ఉత్తర టెక్సస్‌లో ఉంటున్నాను. ఒక రైతు కుటుంబం కొట్టంలో ఏళ్ల తరబడి కదలకుండా ఉన్న 1951 నాటి షెవ్రోలే 3100 పికప్‌ను ఇటీవల కొన్నాను. చాసిస్, ముందు ఫెండర్లు గట్టిగానే ఉన్నాయి. తుప్పు పట్టినదల్లా క్యాబిన్ వెనుక మూలల్లోనూ, కాలు పెట్టి ఎక్కే పలకల దగ్గరానే. అయితే 216 క్యూబిక్ అంగుళాల పెట్రోలు ఇంజిన్‌లో చలికి నీళ్లు గడ్డకట్టి బ్లాకు పగిలిపోయింది. ఆ ఇంజిన్‌లో కనెక్టింగ్ రాడ్లకు పోత బేరింగులు ఉంటాయి, వాటికి ఆయిలు ప్రధానంగా చిమ్మే పద్ధతిలో అందుతుంది. దానితో ఈనాటి హైవే మీద ఎక్కువసేపు వేగంగా నడపడం నాకు ఇష్టం లేకపోవడంతో మరో బ్లాకు వెతకలేదు.

బ్రెడ్డు సరఫరా చేసే పాత వ్యాను నుంచి తీసిన 3.9 లీటర్ల కమ్మిన్స్ 4బీటీ ఒకటి దగ్గరలోనే అమ్మకానికి ఉంది. చిన్న ట్రైలరు లాగగలిగేలా, వారానికి రెండు మూడు సార్లు పొలం పనికి వాడుకునేలా ఈ బండిని తయారు చేయాలని నా కోరిక. బయటి రూపం మాత్రం 1951 నాటిదిగానే ఉండాలి. గేరుబాక్సు, వెనుక యాక్సిల్, బ్రేకుల విషయంలో ఎక్కడ నుంచి మొదలుపెట్టాలో అనుభవం ఉన్నవారు చెప్పగలరు.

ఒహాయో_డీజిల్:
మంచి బండి దొరికిందండీ. ఇంజిన్ కొనడానికి ముందే మీరు గేరు నిష్పత్తుల లెక్క వేసుకోవాలి, ఎందుకంటే 4బీటీ విషయంలో ఎక్కువమంది నిరాశపడేది అక్కడే. వ్యానులకు బిగించిన 4బీటీ సుమారు 105 హార్స్‌పవర్ ఇస్తుంది, టార్కు (తిప్పే బలం) 265 పౌండ్-అడుగులు. మీ పాత ఇంజిన్‌తో పోలిస్తే హార్స్‌పవర్ పెద్దగా పెరగదు గాని, టార్కు దాదాపు ఒకటిన్నర రెట్లు అవుతుంది, అదీ 1600 ఆర్‌పీఎం ప్రాంతంలోనే అందుతుంది. కాకపోతే ఇంజిన్ వేగానికి హద్దు పెట్టే గవర్నర్ దాన్ని 2500 దాటనివ్వదు. మీ బండిలోని 4.11 నిష్పత్తి యాక్సిల్ (చక్రం ఒక చుట్టు తిరగడానికి షాఫ్టు 4.11 చుట్లు తిరుగుతుంది), ఓవర్‌డ్రైవ్ (ఇంజిన్ కంటే షాఫ్టు వేగంగా తిరిగే పై గేరు) లేని గేరుబాక్సు, 28 అంగుళాల టైర్లు అలాగే ఉంచితే, ఆ 2500 దగ్గర బండి వేగం గంటకు 50 మైళ్లు మాత్రమే ఉంటుంది. గవర్నర్ స్ప్రింగు మార్చి 3000 దాటించేవాళ్లు ఉన్నారు గాని, నాలుగు సిలిండర్ల ఆ పెద్ద ఇంజిన్‌ను రోజూ ఆ వేగంలో తిప్పడం వినడానికీ బాగుండదు, ఇంజిన్‌కూ మంచిది కాదు.

ఇక్కడ మరో చిక్కు ఉంది. మీ 3100 లాంటి 1951 హాఫ్ టన్ను షెవ్రోలేలో ప్రొపెల్లర్ షాఫ్టు (గేరుబాక్సు నుంచి వెనుక చక్రాలకు శక్తిని తీసుకెళ్లేది) బయటకు కనిపించదు. అది గొట్టంలో మూసి ఉంటుంది, వెనుక చక్రాల తోపుడు ఆ గొట్టం గుండానే గేరుబాక్సుకు చేరుతుంది. గేరుబాక్సు మార్చగానే ఆ ఏర్పాటంతా పనికిరాకుండా పోతుంది కాబట్టి, వెనుక యాక్సిల్ కూడా మార్చక తప్పదు. నా 1953 బండికి నేను ఎన్‌వీ4500 అయిదు గేర్ల బాక్సు, 3.55 యాక్సిల్ పెట్టాను. దాని అయిదో గేరు 0.73 కావడంతో, 65 మైళ్ల వేగంలో ఇంజిన్ రెండు వేల ఆర్‌పీఎం దగ్గర నిదానంగా తిరుగుతుంది. 3.07 పెడితే 1750కి దిగుతుంది గాని, ట్రైలరు తగిలించి ఎత్తు ఎక్కేటప్పుడు అయిదో గేరు పనికిరాదు. మీకు పొలం పని కూడా ఉంది కాబట్టి 3.55 దగ్గరే ఆగడం మేలని నా గట్టి అభిప్రాయం.

కడప_నుంచి_కాన్సాస్:
నాలుగు సిలిండర్ల ఇంజిన్ ఎందుకండీ, 1989 నుంచి డాడ్జ్ ట్రక్కుల్లో వచ్చిన 5.9 లీటర్ల 6బీటీ పెడితే ఇంకా నున్నగా తిరుగుతుంది కదా? మన దగ్గర టాటా లారీల్లో జంషెడ్‌పూర్‌లో తయారైన అదే కుటుంబపు ఇంజిన్ లక్షల మైళ్లు తిరగడం చూసినవాళ్లమే.

ఒహాయో_డీజిల్:
నున్నగా తిరుగుతుందన్నది నిజమే. కాని 6బీటీ బరువు అయిదు వందల కిలోల దరిదాపుల్లో ఉంటుంది, 4బీటీ మూడు వందల యాభై లోపు. పొడవు కూడా ఎక్కువ కాబట్టి, 3100లో ఇంజిన్‌కూ క్యాబిన్‌కూ మధ్య ఉండే ముందు గోడను కోయకుండా అది సర్దుకోదు. గోడ కోస్తే క్యాబిన్ రూపం పోతుంది. ఆయన కోరుకున్నది ఆ రూపం కాపాడుకోవడమే.

హ్యూస్టన్_వెల్డర్:
చాసిస్ విషయం నేను చెబుతాను. ఆ కాలపు చాసిస్ దూలాలు మూడు వైపులే మూసి ఉన్న సి ఆకారపు రేకులు. ఇంజిన్ మౌంట్లు (ఇంజిన్‌ను చాసిస్‌కు పట్టి ఉంచే దిమ్మలు) పడే చోటు నుంచి గేరుబాక్సు క్రాస్‌మెంబరు (అడ్డ దూలం) దాకా లోపలి వైపు పలక వేసి పెట్టెలా మూసేయాలి. వెల్డింగు ఒకే చోట ఏకబిగిన చేస్తే దూలం వేడికి మెలి తిరుగుతుంది. అందుకని కొద్ది కొద్దిగా, ఎడమకూ కుడికీ మారుతూ చేయాలి, మధ్యమధ్యలో మూల నుంచి మూలకు టేపుతో కొలుస్తూ ఉండాలి. ముందు యాక్సిల్‌నూ కమాన్లనూ అలాగే ఉంచి, అవసరాన్ని బట్టి ఒక పట్టీ అదనంగా వేయడం నాకు నచ్చిన పద్ధతి. తేలికపాటి కార్ల నుంచి తెచ్చిన ఇండిపెండెంట్ సస్పెన్షన్ కిట్లు ఈ బరువుకు తగినవో కావో అమ్మేవాళ్లను లిఖితపూర్వకంగా అడగండి.

4బీటీలో బ్యాలెన్స్ షాఫ్టులు లేవు. గట్టి పాలీయురేథేన్ మౌంట్లు వేస్తే ఐడిల్‌లో అద్దాలు, డాష్‌బోర్డు, తలుపులు అన్నీ వణుకుతాయి. మెత్తని రబ్బరు మౌంట్లు వేయండి, ద్రవం నింపినవైతే మరీ మంచిది. డెబ్భై ఏళ్ల రేకు క్యాబిన్ ఆ అదురును భరించలేక అతుకుల దగ్గర పగలడం నేను కళ్లారా చూశాను.

బే_ఏరియా_పాతకారు:
బ్రేకుల గురించి ఎవరూ మాట్లాడలేదు. డీజిల్ ఇంజిన్‌లో గాలిని అడ్డుకునే థ్రాటిల్ పలక ఉండదు కాబట్టి, పెట్రోలు ఇంజిన్‌లా బ్రేకు బూస్టరుకు కావలసిన వాక్యూమ్ పుట్టదు. విడిగా వాక్యూమ్ పంపు పెట్టుకోవాలి, లేదా పవర్ స్టీరింగు పంపు ఒత్తిడితో పనిచేసే హైడ్రోబూస్ట్ పెట్టుకోవాలి. నేను రెండోదే ఎంచుకున్నాను; ట్రైలరు లాగే ఉద్దేశం ఉంటే మీరూ అదే చేయమని కోరుతున్నాను. మీ బండిలో ఉన్నది నేల పలక కింద ఒకే గదితో ఉండే మాస్టర్ సిలిండరు (బ్రేకు ద్రవాన్ని చక్రాలకు తోసేది). ఒక్క గొట్టం కారితే నాలుగు చక్రాలకూ బ్రేకు పోతుంది. ఇంజిన్ ఏదైనా సరే, రెండు గదుల మాస్టర్ సిలిండరు, ముందు చక్రాలకు డిస్కులు లేకుండా ఆ బండిని రోడ్డెక్కించవద్దు. విద్యుత్తు వైరింగును కూడా ఆరు వోల్టుల నుంచి పన్నెండుకు మార్చాలి; హీటరు మోటారు, బల్బులు, ఇంధన గేజీ అన్నిటినీ దానికి తగ్గట్టు సరిచూసుకోవాలి.

ఆటోనగర్_టర్నర్:
విజయవాడ జవహర్ ఆటోనగర్ నుంచి రాస్తున్నాను. మా దగ్గర పాత విల్లీస్ జీపుల హరికేన్ పెట్రోలు ఇంజిన్లు తీసి డీజిల్ ఇంజిన్లు ఎక్కించిన కాలంలో నేర్చుకున్న సంగతి ఒకటి చెబుతాను. ఇంజిన్‌కూ గేరుబాక్సుకూ మధ్య వేసే అడాప్టర్ ప్లేటు కొన్నదైనా, లేత్ మీద చేయించినదైనా, దాన్ని నమ్మి నేరుగా బిగించకండి. ముందుగా బెల్ హౌసింగు (క్లచ్చును కప్పే గుల్ల) మాత్రమే బిగించి, డయల్ గేజీని (సన్నని తేడాలను ముల్లుతో చూపే కొలత పరికరం) ఫ్లైవీలు మీద నిలబెట్టి, దాని కొసను హౌసింగు మధ్య రంధ్రం అంచుకు ఆనించి, ఇంజిన్‌ను చేత్తో నెమ్మదిగా ఒక చుట్టు తిప్పాలి. రంధ్రం కేంద్రం క్రాంకు కేంద్రానికి పక్కకు జరిగి ఉంటే ముల్లు ఒక వైపు పెరిగి మరో వైపు తగ్గుతుంది. ముల్లు మొత్తం కదలికలో సగమే అసలు తేడా అని గుర్తుంచుకోండి. ఆ తేడా 0.005 అంగుళం (అంగుళాన్ని వెయ్యి భాగాలు చేస్తే అందులో అయిదు) దాటకూడదు. దాటితే హౌసింగు స్థానాన్ని నిలిపే డోవెల్ పిన్నులకు బదులు ఆఫ్‌సెట్ పిన్నులు వేసి సరిచేయాలి. ఈ పని చేయకపోతే బండి నడుస్తుంది. అందుకే చాలామంది వదిలేస్తారు. కాని క్లచ్చు ప్లేటు స్ప్రింగులు విరగడం, పైలట్ బుష్షు ఊరికే అరిగిపోవడం, గేరు దానంతట అదే జారిపోవడం, వీటికి కారణం తెలియక మళ్లీ మళ్లీ గేరుబాక్సు దించుతారు.

మన దేశంలో ఈ పని చేయాలనుకునే మిత్రుల కోసం ఒక మాట. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం తయారీదారు ఇచ్చిన వివరాలకు భిన్నంగా బండిని మార్చరాదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు దీన్ని స్పష్టం చేసింది. ఇంజిన్ మార్చాలంటే రవాణా శాఖ అనుమతి ముందే తీసుకోవాలి. 2021లో వచ్చిన వింటేజ్ రిజిస్ట్రేషన్ నిబంధనలు యాభై ఏళ్లు దాటి, అసలు రూపంలో ఉన్న బండ్లకే వర్తిస్తాయి. కాబట్టి డీజిల్ ఎక్కించిన బండికి ఆ అవకాశం వదులుకోవలసిందే.

బే_ఏరియా_పాతకారు:
ఇక్కడ అమెరికాలో సంగతి రాష్ట్రాన్ని బట్టి మారుతుంది. కాలిఫోర్నియాలో 1997, అంతకు ముందు మోడల్ డీజిల్ బండ్లకు స్మాగ్ (ఉద్గారాల) పరీక్ష లేదు. టెక్సస్‌లో డీజిల్ బండ్లకు ఉద్గారాల పరీక్ష అవసరం లేదు. 2025 నుంచి సొంత వాడకపు బండ్లకు భద్రతా తనిఖీ కూడా తీసేశారు. తనిఖీ లేదు కాబట్టి బ్రేకుల నాణ్యతకు బాధ్యత పూర్తిగా మనదే అవుతుంది.

డెంటన్_పికప్:
అందరికీ మనఃపూర్వక కృతజ్ఞతలు. ఎన్‌వీ4500, 3.55 యాక్సిల్, హైడ్రోబూస్ట్ ఖాయం చేసుకున్నాను. టర్నర్ గారు చెప్పిన డయల్ గేజీ పద్ధతిని ప్రింటు తీసి షెడ్డులో అంటించాను. ఇంకా రెండు సందేహాలు మిగిలాయి. ఇంజిన్ కొనేటప్పుడు ఏమేమి చూడాలి? సీటు వెనుక ఉన్న పాత పెట్రోలు ట్యాంకునే డీజిల్‌కు వాడుకోవచ్చా?

ఒహాయో_డీజిల్:
ఇంజిన్ నేల మీద ఉన్నా సరే, బ్యాటరీ పెట్టి స్టార్టు చేసి చూపించమనండి. పూర్తిగా చల్లగా ఉన్నప్పుడే స్టార్టు చేయించాలి. వేడెక్కిన ఇంజిన్ ఎవరిదైనా వెంటనే అందుకుంటుంది. ఆయిలు పోసే మూత తీసి, ఆ రంధ్రం నుంచి వచ్చే పొగ వేగం గమనించండి; జోరుగా తన్నుకొస్తే ఇంజిన్ లోపల అరిగినట్టే. బాష్ వీఈ రకం రోటరీ పంపు అయితే షాఫ్టు సీలు దగ్గర తడి ఉందేమో చూడండి, ఎందుకంటే ఆ పంపుకు లూబ్రికేషన్ డీజిల్‌తోనే జరుగుతుంది, గంధకం తగ్గించిన ఇప్పటి డీజిల్‌తో పాత రబ్బరు సీళ్లు కారడం తరచుగా కనిపిస్తుంది. ఇంజిన్ బయట ఉండగానే ముందు కవరు విప్పి, టైమింగ్ గేర్ల పక్కన ఉండే డోవెల్ పిన్ను కదలకుండా చిన్న పట్టీ బిగించండి. 4బీటీ, 6బీటీలు చేరే బి సిరీస్ ఇంజిన్లలో ఆ పిన్ను అదురుకు జారి గేర్ల మధ్య పడి ఇంజిన్‌ను నాశనం చేసిన ఉదాహరణలు కోకొల్లలు. వాల్వుల సందు కూడా అప్పుడే సరిచూడండి: ఇన్‌టేక్‌కు పది, ఎగ్జాస్టుకు ఇరవై, అంగుళంలో వేలవ వంతుల్లో.

హ్యూస్టన్_వెల్డర్:
ట్యాంకు సంగతికి వస్తే, క్యాబిన్ లోపల సీటు వెనుక ట్యాంకు ఉండటం నాకు అసలే నచ్చదు. డీజిల్ వాసన గుడ్డలకు పట్టి వదలదు కూడా. చాసిస్ వెనుక భాగంలో, దూలాల మధ్య కొత్త ట్యాంకు పెట్టించండి. డీజిల్ పంపు తనకు అవసరమైన దానికంటే ఎక్కువ ఇంధనం లాగి, మిగిలినది వెనక్కి పంపుతుంది కాబట్టి, ట్యాంకుకు తిరుగు గొట్టం కోసం రెండో కనెక్షన్ తప్పనిసరి. ఆ తిరుగు గొట్టాన్ని ఇంధనం లాగే గొట్టానికి దూరంగా దించండి, లేకపోతే నురుగు, గాలి బుడగలు మళ్లీ పంపులోకే పోతాయి. ట్యాంకు చేసేవాడికి నక్షా ఇచ్చే ముందు ట్యాంకు కొలతలు ఇక్కడ పెడితే నేను చూసి చెబుతాను.