అంబాసిడర్ సెల్ఫ్ వేడి మీద తిరగడం లేదు: ఎర్తా, బుష్‌లా?

కావలి_మార్క్3:
నాన్న బండి. 1978 మార్క్ 3 అంబాసిడర్, పెట్రోలు. పొద్దున చల్లగా ఉన్నప్పుడు తాళం తిప్పగానే సెల్ఫ్ (ఇంజిన్‌ను తిప్పి స్టార్ట్ చేసే మోటారు) తీసుకుంటుంది. ఓ ఇరవై ముప్పై కిలోమీటర్లు నడిపి ఆపామా, మళ్లీ తిప్పితే 'టక్' అని ఒక్క చప్పుడు, అంతే. అరగంట ఆగితే ఏమీ జరగనట్టు స్టార్ట్ అవుతుంది. పోయిన శనివారం కొండబిట్రగుంట గుడి దగ్గర ఆపి దర్శనం చేసుకుని వచ్చేసరికి ఇదే వరస. మా బావమరుదులు పట్టుపంచెలు ఎగగట్టి తోశారు, ఆ ఫోటో ఇప్పటికీ ఇంటి వాట్సాప్ గ్రూపులో తిరుగుతూనే ఉంది. ఇక్కడి మెకానిక్ సెల్ఫ్ పోయింది, కొత్తది వేయాల్సిందే, తొమ్మిది వేలు అంటున్నాడు. బ్యాటరీ కొని ఎనిమిది నెలలు. సొలినాయిడ్ (తాళం తిప్పితే సెల్ఫ్‌కు కరెంటు కలిపే స్విచ్చి) సెల్ఫ్ మీద కాదు, విడిగా బానెట్ లోపల బాడీకి ఉంది. ఏం చేయమంటారు?

రాజా_ఆత్మకూరు:
బ్యాటరీ మార్చన్నా. అన్ని రోగాలకూ అదే మందు.

ఒంగోలు_పద్మిని:
సెల్ఫ్ జోలికి పోవద్దు. ఎర్తు, అంటే కరెంటు తిరిగి బ్యాటరీకి చేరే దారి. నూటికి తొంభై ఎర్తే. బ్యాటరీ నెగెటివ్ వైరు బాడీకి వస్తుంది గదా, ఇంజిన్ కూర్చునేది రబ్బరు మౌంటింగుల మీద, రబ్బరులో కరెంటు పోదు. అందుకే ఇంజిన్‌కీ బాడీకీ మధ్య జడలాగా అల్లిన రాగి పట్టీ ఒకటి ఉంటుంది. నలభై ఏళ్ల బండిలో అది పచ్చగా చిలుం పట్టి, బోల్టు కింద పెయింటూ గ్రీజూ చేరి పేరుకు మాత్రం ఉంటుంది. మామూలు లైట్లకు కొద్ది ఆంపియర్లు చాలు, సెల్ఫ్‌కు నూటయాభై రెండొందలు కావాలి. చెడిపోయిన పట్టీ అంత మోయలేదు. మాది కొత్తపట్నం వైపు, సముద్రం గాలికి బోల్టులు ఎట్లా తయారవుతాయో నాకు తెలుసు.
ఒక్క పని చేయండి. ఇంజిన్ స్టార్ట్ కాకుండా కాయిల్ వైరు పీకేసి, మీటరు ఒక తీగ బ్యాటరీ నెగెటివ్ సీసం ముక్క మీద (క్లాంపు మీద కాదు), రెండోది ఇంజిన్ ఇనుము మీద పెట్టి, ఎవరినైనా తాళం తిప్పమనండి. అర వోల్టు లోపు ఉండాలి. దాటితే ఎర్తే.

కోవూరు_సెల్ఫ్_బాబాయ్:
చల్లగా తిరిగి వేడికి తిరగలేదంటే బుష్‌లు. ఇందులో మీటరు పెట్టాల్సింది ఏముంది. సెల్ఫ్ లోపల తిరిగే ఆర్మేచర్ రెండు చివర్లా కంచు బుష్‌లలో తిరుగుతుంది, అవి అరిగితే ఆర్మేచర్ పక్కకు దిగి చుట్టూ ఉండే పోల్ షూలకు రాసుకుంటుంది. చల్లగా ఉంటే ఎట్లాగో ఈడ్చుకుంటుంది, వేడెక్కితే పట్టేస్తుంది. 1989 నుంచి ఇదే పని. దించి షాఫ్టు చివర పట్టుకుని ఊపితే చేతికే తెలుస్తుంది. పైగా బెండిక్స్ (సెల్ఫ్ పళ్లచక్రాన్ని ఇంజిన్‌కు కలిపే మర) మీద ఎవరో గ్రీజు పూసి ఉంటారు, చాలామంది చేసే తప్పు ఇది. ఆ మర మీద దుమ్ము కూర్చుని పినియన్, అంటే ఆ పళ్లచక్రం, జారదు. కిరసనాయిల్‌తో కడిగి పొడిగా వదిలేయాలి.

ఒంగోలు_పద్మిని:
బాబాయ్, బెండిక్స్ అంటుకుంటే మోటారు తిరుగుతుంది, 'జుయ్' మంటుంది, ఇంజిన్ మాత్రం తిరగదు. ఆయన 'టక్' అని రాశారు. చదివి మాట్లాడండి. ఆ టక్ సొలినాయిడ్‌ది.

కోవూరు_సెల్ఫ్_బాబాయ్:
చదివాను సామీ. బుష్ అని మొదట రాశాను, అది మీరు చదవండి.

రాజా_ఆత్మకూరు:
హ్యాండిల్ ఉంది గదా అంబాసిడర్‌కి. ముందు నుంచి ఇంజిన్‌కు పెట్టి తిప్పి కొట్టు.

కోవూరు_సెల్ఫ్_బాబాయ్:
కొట్టు గానీ బొటనవేలు మిగతా వేళ్ల వైపే ఉంచు. హ్యాండిల్‌ను గుప్పెటతో చుట్టి పట్టుకుంటే ఇంజిన్ ఎదురు తన్నినప్పుడు మణికట్టు పోతుంది. మా తమ్ముడికి ఇప్పటికీ కుడి చెయ్యి పూర్తిగా తిరగదు.

కావలి_మార్క్3:
నిన్న రాత్రి వేడి మీద హెడ్‌లైట్లు వేసి తాళం తిప్పాను. లైట్లు కొంచెం కూడా తగ్గలేదు. టక్ మాత్రం వచ్చింది.

ఒంగోలు_పద్మిని:
చూశారా! బుష్ పట్టేసి ఉంటే సెల్ఫ్ కరెంటంతా లాగేసి లైట్లు పడుకునేవి. తగ్గలేదంటే సెల్ఫ్‌లోకి కరెంటే పోవడం లేదు. లైట్లకు ఎర్తు బాడీ నుంచి, కాబట్టి వెలుగుతాయి. ఇంజిన్‌కు ఎర్తు లేదు. కేసు క్లోజ్.

కోవూరు_సెల్ఫ్_బాబాయ్:
క్లోజ్ కాదు. సరే, బుష్ మాట వెనక్కి తీసుకుంటా, లైట్లు తగ్గలేదంటే పట్టెయ్యడం కాదు. కానీ ఆర్మేచర్‌కు కరెంటు అందించే కార్బన్ బ్రష్‌లు అరిగి దాని చివరనుండే కమ్యుటేటర్‌కు ఆనకపోయినా లైట్లు తగ్గవు. సొలినాయిడ్ లోపల రాగి బిళ్ల కాలిపోయినా టక్ వస్తుంది, కరెంటు దాటదు. మీకు ఎర్తు ఒక్కటే తెలుసు, అందుకని లోకమంతా ఎర్తే.

ఒంగోలు_పద్మిని:
నాకు ఎర్తు ఎందుకు తెలుసో చెబుతా వినండి. రెండేళ్ల క్రితం నా పద్మిని కారుకు ఇదే జబ్బు. ఒక వైండింగ్ షాపుకు తీసుకెళ్తే ఆర్మేచర్ కాలింది అన్నాడు, 4,500 తీసుకుని వైండింగ్ చేశానన్నాడు. వారం తిరిగింది, మళ్లీ టక్. చివరికి నేనే పడుకుని చూస్తే గేర్‌బాక్స్ దగ్గర ఎర్తు బోల్టు వదులు. పదమూడో నంబరు స్పానరు, రెండు నిమిషాలు. 4,500! మీ లైనులో ఎవరూ మీటరు ఎందుకు పట్టుకోరో నాకు అప్పుడు అర్థమైంది. పట్టుకుంటే బేరం పోతుంది.

కోవూరు_సెల్ఫ్_బాబాయ్:
'మీ లైను' అన్నారు గాబట్టి నేనూ చెబుతా, ఇప్పుడు ఎవరూ మధ్యలో రావద్దు. ఆయన చేసింది తప్పే, నేను సమర్థించను. కానీ పోయిన వేసవిలో, రోహిణి కార్తె, ఒకాయన బండి హైవే పక్కన ఆగిపోయిందని ఫోన్ చేస్తే కోవూరు నుంచి బండి వేసుకుని పోయా. కాలే తారు మీద గోనెసంచి పరుచుకుని కింద దూరి, టెర్మినల్ కింద పట్టిన పొడి గీకి బిగించా. స్టార్టయింది. ఎంత అన్నాడు, మూడొందలు అన్నా. 'బోల్టు బిగించినందుకా?' అన్నాడు. యాభై చేతిలో పెట్టి వెళ్లిపోయాడు. అదే రోజు సాయంత్రం ఇంకొకరికి కొత్త సొలినాయిడ్ వేస్తే, సామాను మీద లాభంతో సహా నవ్వుతూ ఇచ్చాడు. కళ్లకు కనిపించే సామానుకే డబ్బు. నేను చూసినందుకు, ఆలోచించినందుకు ఒక్క రూపాయి రాదు. అంబాసిడర్ సెల్ఫ్‌కు రెండే బోల్టులు, పైదానికి చెయ్యి ఆనదు, అది ఊడదీసి బ్రష్‌లు బాగున్నాయని తెలిసి మళ్లీ బిగిస్తే ఎవరిస్తారు? మీరు ఇస్తారా సామీ? మీరు రెండు నిమిషాల పని అని రాశారు. రెండు నిమిషాల కంటే ముందు ఎన్ని రోజులు వెతికారు?

ఒంగోలు_పద్మిని:
నాలుగు రోజులు. అది వేరే విషయం.

సింగరాయకొండ_టీచరమ్మ:
బాబాయ్ గారూ, నేను ఇచ్చానండీ. మా వారి పాత ఫియట్‌కు చూసినందుకే ముందుగా ఐదొందలు ఇచ్చాను, సామాను వద్దు, ఏం పోయిందో చెప్పండి చాలు అన్నాను. అయినా ఆ మెకానిక్ సెల్ఫ్ మార్చాలనే అన్నాడు. మరి దానికేమంటారు?

కోవూరు_సెల్ఫ్_బాబాయ్:
అమ్మా, అది మోసం. అందులో మాటే లేదు.

రాజా_ఆత్మకూరు:
2014లోనే ఉత్తర్‌పారా ఫ్యాక్టరీలో తయారీ ఆపేసిన బండికి ఇంత పంచాయితీ. గేర్ టైపు కొత్త సెల్ఫ్ వేయిస్తే పోదా, కరెంటు కూడా తక్కువ తింటుంది.

కావలి_మార్క్3:
రాజా, నాన్న చేతి గుర్తులున్న బండి, లోపల ఏదీ మార్చదలచుకోలేదు. అందుకేగా ఇక్కడ అడిగింది.
ఇవాళ కొలిచాను. మధ్యాహ్నం బిట్రగుంట దాకా పోయి వచ్చి, వేడి మీదే కాయిల్ వైరు పీకి, మీటరు మా అబ్బాయికిచ్చి తాళం తిప్పాను. బ్యాటరీ నెగెటివ్‌కూ ఇంజిన్‌కూ మధ్య ఐదు వోల్టులు! మూడోసారి తిప్పుతూ చోక్ లాగబోతే కేబుల్ చుర్రుమంది, చెయ్యి వెనక్కి లాక్కున్నా. తర్వాత పక్కింటి లారీ ఆయన జంపర్ కేబుల్ తెచ్చి బ్యాటరీ నెగెటివ్ నుంచి నేరుగా ఇంజిన్ హుక్కుకు తగిలిస్తే సెల్ఫ్ తిరిగింది.

ఒంగోలు_పద్మిని:
చోక్ కేబుల్ వేడెక్కిందంటే పట్టీ పోయి కరెంటు ఆ సన్న తీగ గుండా దారి వెతుక్కుంటున్నట్టే. అట్లాగే వదిలేస్తే కేబుల్ కాలి మంటలు కూడా రావచ్చు. ఎర్తు అని మొదటి రోజే చెప్పాను.

కోవూరు_సెల్ఫ్_బాబాయ్:
ఒప్పుకున్నా, ఎర్తే. కానీ కావలి అబ్బాయ్, ఒక్క మాట అడుగుతా. జంపర్ పెట్టినప్పుడు పొద్దున తిరిగినంత వేగంగా తిరిగిందా?

కావలి_మార్క్3:
లేదు బాబాయ్. తిరిగింది గానీ కొంచెం బద్ధకంగా.

కోవూరు_సెల్ఫ్_బాబాయ్:
రాగి వేడెక్కితే రెసిస్టెన్స్ పెరుగుతుంది, అరవై డిగ్రీలు ఎక్కితే దాదాపు పావు వంతు. కాబట్టి కొంచెం బద్ధకం మామూలే. ముందు పట్టీ కొత్తది వేసి, రెండు వైపులా పెయింటు గీకి, ఇనుము మెరిసేదాకా రుద్ది బిగించు. పది రోజులు నడుపు. అప్పటికీ బద్ధకమైతే దించి బ్రష్‌లు చూడు, నేను చెప్పానని ఇప్పుడే దించకు.
ఒంగోలు సామీ, మీరూ ఒకసారి పద్మిని తీసుకురండి కోవూరు. 4,500 వైండింగ్ నిజంగా చేశాడో లేదో విప్పి చెబుతా. చూసినందుకు మూడొందలు.

ఒంగోలు_పద్మిని:
రెండొందలు చేసుకోండి బాబాయ్.