లటాకియా 40 శాతం వేసినా నేననుకున్న పైపు మిశ్రమం రావట్లేదు, పాళ్ళు చెప్పండి

రాలీ రవి:
అందరికీ నమస్తే. సాయంత్రం భోజనం కూడా మానేసి కూర్చున్నాను, ఇక్కడ అమెరికాలో, నార్త్ కరోలినాలోని రాలీలో ఇప్పుడు అర్ధరాత్రి దాటింది, ఒక్కటీ కుదరట్లేదు. పైపు పొగాకు సొంతంగా కలుపుకుందామని ఆకులు విడివిడిగా తెప్పించాను. ఎర్ర వర్జీనియా, పొగ పట్టించిన లటాకియా, పీపాల్లో మాగబెట్టిన పెరీక్ కొంచెం, కొంచెం నల్ల కేవెండిష్. నా మనసులో ఒక వాసన ఉంది, అది ఏ డబ్బా కొన్నా దొరకలేదు కాబట్టే ఈ పని పెట్టుకున్నాను. వర్జీనియా 50, లటాకియా 40, పెరీక్ 10తో మొదలుపెట్టాను. వెలిగిస్తే కాలిన తోలు వాసన, నాలుకంతా మంట. లటాకియా తగ్గిస్తే డొల్లగా ఉంటోంది, పెంచితే మిగతా ఆకు ఏదీ తెలియట్లేదు. పైగా ఏం కలిపినా వెనకాల ఎక్కడో వెనిల్లా తగులుతోంది, నేను కొన్న వాటిలో ఒక్కటీ వెనిల్లా పట్టించినది కాదు! ఎవరైనా అనుభవం ఉన్నవాళ్ళు పాళ్ళు సూటిగా చెబితే చాలు.

పైపు ప్రసాద్:
తేమ ఎంత? ఏ పైపు? కలిపాక ఎన్నాళ్ళు ఉంచారు?

రాలీ రవి:
తేమ మామూలుగానే ఉందండి, ప్యాకెట్‌లో ఎలా వచ్చిందో అలాగే. పైపు నేను రోజూ కాల్చేదే, మంచి బ్రయర్ చెక్కది. కలిపిన వెంటనే కాల్చాను. నాకు కావలసింది పాళ్ళు.

పైపు ప్రసాద్:
పాళ్ళు తర్వాత.

కాకినాడ పళ్ళ డాక్టర్:
రవి గారూ, మీరు అడగని మాట చెబుతున్నందుకు ఏమనుకోకండి, కానీ నాలుక మంట అని రాసి దాన్ని రుచి సమస్యగా చూస్తుంటే చదివి ఊరుకోలేకపోయాను. పైపు పొగ లోపలికి పీల్చం కదా, ఏం కాదులే అని చాలామంది అనుకుంటారు. పీల్చకపోయినా నికోటిన్ నోటి పొరల గుండా రక్తంలోకి వెళ్తుంది, నోటి క్యాన్సర్ ముప్పు అలాగే ఉంటుంది. మన శ్రీకాకుళం, విశాఖ వైపు పల్లెల్లో ఆడవాళ్ళు చుట్టను నిప్పు ఉన్న వైపు నోట్లో పెట్టుకుని అడ్డపొగ తాగేవారు, ఇప్పటికీ పెద్దవాళ్ళలో కనిపిస్తారు. వాళ్ళ అంగిలి మీద తెల్లగా దళసరి కట్టి, మధ్యలో ఎర్రటి చుక్కలు ఉంటాయి. వాళ్ళూ నొప్పి లేదు కదా అనే అంటారు. మంట రెండు మూడు వారాలు దాటినా, నోట్లో తెల్ల మచ్చ కనిపించినా దయచేసి చూపించుకోండి. మానేస్తే అంతకంటే మంచిది లేదు.

సికింద్రాబాద్ సుధీర్:
మేడమ్, మీరు చెప్పింది కాదనను, కానీ ఆయన అడిగింది మిశ్రమం గురించి.

కాకినాడ పళ్ళ డాక్టర్:
తెలుసు బాబూ. ఆయన మంట అని రాశారు కాబట్టి చెప్పాను. ఇక మీరు మాట్లాడుకోండి.

సికింద్రాబాద్ సుధీర్:
రవి బ్రదర్, నా సలహా ఏంటంటే లటాకియా పాలు అలాగే ఉంచి, ఎర్ర వర్జీనియాలో సగం తీసేసి ఆ చోట కేవెండిష్ ఆకు వేయండి. ఆ ఆకు సహజంగానే తియ్యగా ఉంటుంది, మంట తగ్గుతుంది.

పైపు ప్రసాద్:
కేవెండిష్ ఆకు రకం కాదు. తయారీ పద్ధతి.

సికింద్రాబాద్ సుధీర్:
దుకాణంలో నల్ల కేవెండిష్ అని విడిగా తూచి అమ్ముతున్నప్పుడు అది విడి సరుకే కదా అన్నా. పేరు ఏదైతే ఏంటి?

పైపు ప్రసాద్:
తేడా ఉంది. వర్జీనియాకైనా, బర్లీ అనే ఇంకో రకం పొగాకుకైనా ఆవిరి పట్టి, వత్తిడిలో పెట్టి నల్లబరిస్తే దాన్ని కేవెండిష్ అంటారు. వర్జీనియాతో చేసిందైతే దాని తీపి కొంత దానికే ఉంటుంది. బర్లీలో చక్కెర దాదాపు ఉండదు, పైన ఏం పట్టిస్తే అది పీల్చుకుంటుంది. రవి దగ్గరున్నది దేనితో చేసిందో తెలియకుండా 'సహజంగానే తీపి' అని ఎలా చెబుతావు?

సికింద్రాబాద్ సుధీర్:
నేను కాల్చినవన్నీ తియ్యగానే ఉన్నాయి.

పైపు ప్రసాద్:
పైన పట్టించారు కాబట్టి.

దేవరపల్లి శ్రీను:
కేవెండిష్ సంగతి మీరిద్దరూ తేల్చుకోండి. నాకు బాధేంటంటే అందరూ 'ఎర్ర వర్జీనియా' అని ఒక్క మాటలో తేల్చేస్తున్నారు. మా ఇంట్లో మూడు తరాలుగా వర్జీనియా వేస్తున్నాం, పొగాకు బోర్డు లైసెన్సు ఉన్న బ్యారన్, అంటే ఆకు ఆరబెట్టే కొట్టం ఉంది, కాబట్టి చెబుతున్నాను. ఒకే మొక్కకి అడుగాకు వేరు, నడిమి ఆకు వేరు, తలాకు వేరు. అడుగాకు పల్చగా ఉంటుంది, ఊరికే కాలిపోతుంది. నడిమి ఆకు నిమ్మపండు రంగు తిరిగితే చక్కెర బాగా ఉంటుంది, వాసన కూడా దానిదే. తలాకు దళసరి, నికోటిన్ ఎక్కువ, ఘాటు. అందుకే రెలుపులు ఒక్కసారిగా చేయం, కింద నుంచి పైకి పక్వానికి వచ్చిన ఆకులే కొన్ని కొన్ని చొప్పున తెంపుకుంటూ వెళ్తాం. నేల కూడా ముఖ్యమే. మా వైపు తేలిక ఎర్ర నేలల ఆకుకీ, ఒంగోలు వైపు నల్ల నేలల ఆకుకీ చేతిలో పట్టుకుంటేనే తేడా తెలిసిపోతుంది. వేలం కేంద్రంలో ఈ తేడాల మీదే మాకు రేటు పలుకుతుంది, ఆ తేడా చూసే మేం బతుకుతున్నాం. అలాంటిది పైపు కాల్చేవాళ్ళు ఒక్క రంగు పేరు చెప్పి వదిలేస్తే ప్రాణం ఉసూరుమంటుంది. రవి గారూ, మీ ఆకు మొక్కలో ఏ భాగందో ప్యాకెట్ మీద ఏమైనా రాసుందా?

రాలీ రవి:
ఏమీ లేదండి, ఎర్ర వర్జీనియా అని మాత్రమే ఉంది. దేవరపల్లి అంటే మా అమ్మమ్మగారి ఊరికి దగ్గరే. పాళ్ళు మాత్రం ఎవరూ చెప్పట్లేదు.

పైపు ప్రసాద్:
ఏ వాసన కావాలో నువ్వు ఇంతవరకు చెప్పలేదు.

రాలీ రవి:
అవునా, చెప్పాననుకున్నాను. మా తాతయ్యకి జంగారెడ్డిగూడెం దగ్గర బ్యారన్ ఉండేది. వేసవి సెలవులకి వెళ్ళేసరికి ఆఖరి రెలుపులు నడుస్తుండేవి. బ్యారన్ తలుపు తీయగానే వేడిగా ఒక తియ్యటి వాసన వచ్చేది, ఎండుగడ్డి, బెల్లం, కొంచెం పుల్లటిది కూడా. బయట కట్టెల పొగ. ఆ వాసన పైపులో రావాలి. పొగ ఉంది కదా అని లటాకియా ఎక్కువ వేశాను, లటాకియా అంటే పొగ పట్టించిన ఆకే కదా.

దేవరపల్లి శ్రీను:
రవి గారూ, ఈ మాట మొదటే రాసుంటే ఇంత దూరం వచ్చేది కాదు. బ్యారన్‌లో ఆకుకి పొగ తగలదండీ. పొయ్యి బయట ఉంటుంది, కట్టెలు అక్కడ వేస్తాం, వేడి ఇనప గొట్టాల్లోంచి లోపలంతా తిరిగి పొగ పొగగొట్టంలోంచి బయటికి పోతుంది. లోపలికి వచ్చేది వేడి ఒక్కటే. గొట్టానికి చిన్న కన్నం పడి పొగ లోపలికి వస్తే ఆ ఆకు మాకు నష్టం, కొనేవాడు వాసన చూడగానే పక్కన పెట్టేస్తాడు. మీకు గుర్తున్న కట్టెల పొగ బయట వాకిట్లోది, తలుపు తీస్తే వచ్చింది ఆకుది. పిల్లాడిగా రెండూ కలిపి గుర్తుపెట్టుకున్నారు.

లటాకియా దీనికి పూర్తిగా తిరగబడ్డ పని. సైప్రస్‌లో ఆకుని పైన వేలాడదీసి కింద సుగంధపు చెక్కలు, పొదల మంట పెట్టి ఆ పొగే ఆకులోకి ఎక్కేలా చేస్తారు. కాబట్టి మీరు 40 శాతం వేసినప్పుడల్లా మీకు కావలసిన వాసనని మీరే కప్పేస్తున్నారు.

ఇంకో సంగతి. తలుపు తీసినప్పటి ఆ తియ్యటి, పుల్లటి వాసన మొదటి రోజుల్లోది. 32 నుంచి 40 డిగ్రీల దగ్గర తేమలో ఆకు ఇంకా ప్రాణంతో ఉండి పసుపు తిరుగుతుంది, లోపలి పిండి చక్కెర అవుతుంది. తర్వాత వేడి పెంచుకుంటూ 70 దాకా తీసుకెళ్తే ఈనె పెళుసుగా ఎండుతుంది, అప్పటికి ఆ పచ్చి వాసన పోతుంది. అది ఏ డబ్బాలోనూ పూర్తిగా దొరకదు. దగ్గరికి వెళ్ళాలంటే వెలిగించకముందు జాడీ మూత తీసినప్పుడు వచ్చే వాసన మీద గురి పెట్టండి. దానికి ఎర్ర ఆకు కాదు, నిమ్మపండు రంగు వర్జీనియా కావాలి. నేనైతే నిమ్మ వర్జీనియా 70, ఎర్రది 20, బర్లీ 10 దగ్గర మొదలుపెడతాను. బర్లీ కొంచెం ఉంటే ఒళ్ళు ఉంటుంది, మీరన్న డొల్లతనం పోతుంది. వాకిట్లో కట్టెల పొగ కూడా ఉండాల్సిందే అంటే లటాకియా 2, 3 శాతం, అంతకు మించొద్దు. పెరీక్ ప్రస్తుతానికి పక్కన పెట్టండి.

సికింద్రాబాద్ సుధీర్:
పెరీక్ బదులు మన గోదావరి లంక పొగాకు ఒక పోచ వేస్తే ఎలా ఉంటుంది శ్రీను గారూ? అదీ ఘాటే కదా.

దేవరపల్లి శ్రీను:
లంక ఆకు చుట్టకే బాగుంటుందండీ. ఘాటు ఉంటుంది గానీ పెరీక్‌లో ఉండే పండు పులుపు రాదు.

పైపు ప్రసాద్:
పెరీక్ పులుపు ఆకుది కాదు. లూసియానాలో సెయింట్ జేమ్స్ పారిష్‌లో విస్కీ పీపాల్లో కుక్కి, స్క్రూ జాకీలతో బిగించి, మధ్యమధ్యలో తీసి ఆరబెట్టి మళ్ళీ బిగిస్తూ ఏడాది పైన మాగబెడతారు. లంక ఆకు ఆ పని చేయలేదు.

రవి, ఇప్పుడు నావి. ఆ బ్రయర్‌లో ఇంతకు ముందు ఏం కాల్చావు?

రాలీ రవి:
కొన్నేళ్ళుగా వెనిల్లా ఏరోమాటిక్, అంటే వెనిల్లా వాసన పట్టించిన పొగాకు. దానికీ దీనికీ సంబంధం ఏంటి?

పైపు ప్రసాద్:
ఆ వెనిల్లా పైపుది. గిన్నె లోపల మసి కట్టి వాసన పట్టేసింది. ఇప్పుడు లటాకియా కూడా పట్టి ఉంటుంది. దాంట్లో ఏం కాల్చినా తీర్పు చెప్పలేవు. కొత్త మొక్కజొన్న కండె పైపు కొను, నాలుగు డబ్బులు, పరీక్షలకి అదొక్కటే వాడు.

తేమ: చిటికెడు తీసి వేళ్ళ మధ్య నొక్కి వదులు. ముద్దగా ఉండిపోతే తడి ఎక్కువ, ఆ ఆవిరే నాలుకని కాలుస్తోంది. మెల్లగా విచ్చుకుంటే సరి. ప్యాకెట్‌లోంచి వచ్చినది దాదాపు ఎప్పుడూ తడే, గంటో రెండు గంటలో కాగితం మీద పరువు. నిమ్మ వర్జీనియాలో చక్కెర ఎక్కువ, గబగబా పీలిస్తే దానితో ఇంకా మండుతుంది. మెల్లగా కాల్చు.

10 గ్రాముల చొప్పున తూచి కలుపు, ఒక్కోసారి ఒక్కటే మార్చు. జాడీలో రెండు వారాలు ఉంచు. కలిపిన రోజు కాలిస్తే ఏ ఆకు దాని దారిన అది మాట్లాడుతుంది.

సికింద్రాబాద్ సుధీర్:
రెండు వారాలు అక్కర్లేదు, జాడీని ఓవెన్‌లో సన్న వేడి మీద రెండు గంటలు పెడితే సరిపోతుంది, నేను అలాగే చేస్తాను.

పైపు ప్రసాద్:
అది కేవెండిష్ చేయడం.

సికింద్రాబాద్ సుధీర్:
ఇందాక వత్తిడి కావాలన్నారు, ఇప్పుడు ఓవెన్ పెట్టినా కేవెండిష్ అంటున్నారు. ఒక మాట మీద ఉండండన్నా.

దేవరపల్లి శ్రీను:
రవి గారూ, మా ఊరి నుంచి ఎవరైనా వస్తుంటే ఆకు తెమ్మని మాత్రం అడగకండి. కస్టమ్స్ గొడవ ఒకటి, బ్యారన్ దింపిన ఆకు అలాగే కాలిస్తే గొంతు పట్టేస్తుంది. కొన్న కంపెనీలు మళ్ళీ ఆరబెట్టి గోదాముల్లో ఏడాది, రెండేళ్ళు మాగనిచ్చాకే వాడతాయి. అయినా మీరుండేది నార్త్ కరోలినాలో, ఈ గొట్టాల బ్యారన్ పద్ధతి బలపడింది ఆ చుట్టుపక్కలే. సీజన్‌లో ఏ రైతు దగ్గరికైనా వెళ్ళి ఒకసారి తలుపు తీయించుకోండి, మీ ముక్కుకి ఏది ఆకుది, ఏది పొగది అన్నది తేలిపోతుంది.

రాలీ రవి:
కండె పైపు, నిమ్మ వర్జీనియా ఆర్డర్ పెట్టాను. బర్లీ దొరకలేదు, చూస్తాను. థాంక్స్ అండి.

సికింద్రాబాద్ సుధీర్:
ఓవెన్ సంగతి ఎవరూ చెప్పలేదు. జాడీ మూత బిగించి పెట్టాలా, వదులుగానా?