ప్రొఫెషనల్‌కి తెలుగు: ‘ఒప్పుకోవడం’లో ఉందేమో చూడండి

మొన్న ఇక్కడ ఒకరు ‘ప్రొఫెషనల్‌’కి తెలుగేమిటని అడిగితే ‘వృత్తి నిపుణుడు’, ‘వృత్తిపరుడు’ అని జవాబులొచ్చాయి. పేపర్లో చెల్లుతాయి గానీ, మా ఇంట్లో ఎవరి నోటా ఆ మాటలు వినలేదు. ‘వృత్తి’ అంటే కూడు పెట్టేది. శాసనాల్లో అగ్రహారాన్ని వాటాలు వేసి ఇస్తే ఆ వాటాలనీ వృత్తులనే అన్నారు. మన పే స్లిప్పులో వృత్తి పన్నుదీ అదే దారి. రెండు రాష్ట్రాల్లోనూ జీతం నెలకు 20 వేలు దాటితే 200 రూపాయలు కోస్తారు, పని ఎలా చేశావని మాత్రం అడగరు.

‘పనిమంతుడు’ నాకిష్టమే. కానీ పాపం, పనిమంతుడు పందిరేస్తే కుక్కతోక తగిలి కూలిందన్న సామెత వచ్చి దాని పరువు తీసింది. ఇప్పుడు ఎవర్నైనా ఆ మాటంటే వెక్కిరిస్తున్నామనుకుంటారు.

నాకు తట్టింది వేరే. ఇంగ్లీషు ‘ప్రొఫెషన్‌’ వెనకున్న లాటిన్ క్రియకి నలుగురిలో బయటికి చెప్పడమని అర్థం. మొదట్లో అది మఠంలో చేరేవాళ్లు పలికే ప్రతిజ్ఞ. తర్వాతే మత బోధకులు, లాయర్లు, డాక్టర్ల దాకా వచ్చింది. అంటే నైపుణ్యం కంటే ముందు మాట. మరి మనం ఏమంటాం? ‘పని ఒప్పుకున్నాడు’ అంటాం. ‘తప్పు ఒప్పుకున్నాడు’ అని కూడా అంటాం. క్రియ ఒక్కటే!

మా ఊళ్లో జాకెట్లు కుట్టే ఆయన ఉన్నాడు. పోయిన మాఘమాసంలో ఆది జాకెట్టు, కొత్త గుడ్డ పట్టుకుని వెళ్లాను. పెళ్లి పదిరోజులుంది. ఆయన పుస్తకం తిరగేసి, “అమ్మా, పదిరోజుల్లో నా వల్ల కాదు. చేస్తానని తీసుకుని మిమ్మల్ని తిప్పుకోలేను” అన్నాడు. నాకు ఒళ్లు మండింది. ఇంకో షాపులో ఇస్తే, ఆయన నవ్వుతూ తీసుకుని, రోజూ “రేపు మేడమ్” అంటూ పెళ్లిరోజు పొద్దున హుక్కులు లేకుండా చేతిలో పెట్టాడు. రెండోసారి మళ్లీ మొదటాయన దగ్గరికే పోయాను. ఈసారి ఒప్పుకున్నాడు. ఇస్తానన్న రోజుకి రెండు రోజుల ముందు ఆయనే ఫోన్ చేసి, “మెడ ఒక ఇంచి కిందికి కత్తిరించేశానమ్మా, నాదే పొరపాటు. అదే రంగు గుడ్డ దొరికింది, మళ్లీ కుడుతున్నాను, డబ్బులు అక్కర్లేదు” అన్నాడు. చెప్పకపోతే పైట చాటున నేను కనిపెట్టేదాన్నో లేదో.

ఇక ఆఫీసుల్లో ‘కాస్త ప్రొఫెషనల్‌గా ఉండండి’ అంటే నాకు తెలిసినంతలో నోరు మూసుకోమనే. ఆ అర్థానికి తెలుగు వెతకక్కర్లేదు, ఇప్పటికే బోలెడున్నాయి.

జవాబులు

– బాగుంది గానీ, మీరిచ్చింది క్రియ. అడిగింది నామవాచకం. ఆఫీసు సర్క్యులర్లో ఏం రాయమంటారు?

– సర్క్యులర్లో ప్రొఫెషనల్ అనే రాసుకోండి, కొంపలేం మునగవు. మనిషి గురించి చెప్పాల్సొస్తే మాత్రం “ఆయన ఒప్పుకున్నాడంటే అయిపోయినట్టే” అంటాం కదా, దానికి మించిన సర్టిఫికెట్ ఉందా?

– మా దిక్కు జబాన్ అంటరు. జబాన్ ఇచ్చిండంటే ఇగ కాయితం అడగం. కానీ తప్పు ఒప్పుకునుడు ఆ మాటల రాదు, మీ మాటే పెద్దది.

– ‘ఒప్పు’కి అందమన్న అర్థం కూడా ఉంది కదండీ, ఒప్పులకుప్పలో ఉన్నది అదే. తప్పొప్పుల్లోని ఒప్పు, ఒప్పందంలోని ఒప్పు, అన్నీ ఒక గూటివే. పొందికగా కుదరడమే దీని మూలార్థమని నా ఊహ.

– మూడోది మరిచారు మేడమ్, ‘మనసొప్పలేదు’. మా నాన్న కాలితో తొక్కే ట్రెడిల్ ప్రెస్సులో సీసపు అక్షరాలు పేర్చే కంపోజిటరు. ఒకసారి పెళ్లి శుభలేఖలు 200 దాకా అచ్చయ్యాక పెళ్లికూతురి తాతగారి ఊరి పేరులో ‘ళ’ ఉండాల్సిన చోట ‘ల’ పడిందని చూసుకున్నాడు. పెళ్లివాళ్లు గమనించలేదు. ఓనరు పోనీలే అన్నాడు. నాన్న ఆ అక్షరం ఊడదీసి, సరైంది పెట్టి, మళ్లీ మొదటినుంచి తొక్కాడు. రాత్రి ఆలస్యంగా వచ్చాడని అమ్మ అడిగితే “మనసొప్పలేదే” అన్నాడు. కాగితం ఖరీదు ఆ నెల జీతంలో కోసుకున్నారు.