ఎయిడ్ ఉద్యోగం వదలకుండా స్టూడెంట్ టీచింగ్ చేయడం ఎలా? (టెక్సస్)

డాలస్ దగ్గర ఒక ఎలిమెంటరీ స్కూల్లో టీచర్ ఎయిడ్‌గా (క్లాసులో టీచర్‌కి సాయం చేసే ఉద్యోగం) చేస్తూ, ఆన్‌లైన్‌లో ఎలిమెంటరీ ఎడ్యుకేషన్ డిగ్రీ చదువుతున్నాను. ఆరు నెలల టర్మ్‌కి ఒకటే ఫీజు, ఎన్ని కోర్సులైనా ముగించుకోవచ్చు. అందుకే రాత్రిళ్లు కూర్చుని థియరీ అంతా పూర్తిచేశాను. పిల్లలకి చదవడం నేర్పే పద్ధతులపై టెక్సస్‌లో టీచర్లకి పెట్టే పరీక్ష (నంబర్ 293) కూడా పాసయ్యాను.

మిగిలింది స్టూడెంట్ టీచింగ్, అంటే టీచర్ అయ్యే ముందు నిజమైన క్లాసులో చేసే శిక్షణ. ఇదొక్కటే తొందరగా అయ్యేది కాదు: సుమారు 14 వారాలు, రోజంతా క్లాసులోనే, జీతం లేకుండా. అన్నాళ్లు జీతం లేకపోతే ఇల్లు గడవదు. మా స్కూల్లోనే, ఎయిడ్ జీతంతోనే చేయొచ్చా అని యూనివర్సిటీ మెంటర్‌ని అడిగితే స్కూల్ డిస్ట్రిక్ట్ (మా స్కూల్‌ని నడిపే సంస్థ) ఒప్పుకోవాలంటారు. డిస్ట్రిక్ట్ హెచ్‌ఆర్‌ని అడిగితే ముందు యూనివర్సిటీ నుంచి లెటర్ రావాలంటారు. ప్రిన్సిపాల్ మేడమ్ మాత్రం సరేనన్నారు. ఒకటో తరగతిలో రోజూ నా పక్కన కూర్చుని అక్షరాలు కూడబలుక్కునే పిల్లలున్నారు. అక్కడే చేస్తే వాళ్లకీ మేలని నా నమ్మకం.

టెక్సస్‌లో ఎయిడ్ జీతం తీసుకుంటూనే అదే స్కూల్లో స్టూడెంట్ టీచింగ్ చేసినవాళ్లు, ముందుగా ఎవరి దగ్గర ఏ అనుమతి రాయించుకున్నారు?