కంపెనీ పేరు చూసి రైఫిల్‌ని నమ్మొచ్చా?

#1 పాతఉక్కు

బోల్ట్ రైఫిళ్ల (ప్రతి గుండుకూ చేత్తో బోల్ట్ లాగి మూసే రకం) గురించి ఎక్కడ మాట మొదలైనా చివరికి కంపెనీల కొట్లాటలోనే తేలుతోంది. రెమింగ్టన్ 700 వాళ్లకు టిక్కా అంటే ప్లాస్టిక్ బొమ్మ. టిక్కా వాళ్లకు రెమింగ్టన్ అంటే కోర్టు కేసు. వించెస్టర్ 70 భక్తులకు 1964కు ముందు తయారైందే రైఫిల్, మిగతావన్నీ ఇనుప గొట్టాలు.

నేనైతే కంపెనీ పేరుకు విలువ ఉందనే అంటాను. ఒకే డిజైన్ ఏళ్ల తరబడి లక్షల్లో తయారైతే అందులోని తప్పులు ఎప్పుడో బయటపడి ఉంటాయి. విడిభాగాలు దొరుకుతాయి. ఎక్స్‌ట్రాక్టర్ (కాల్చాక ఖాళీ కేసును పట్టి లాగే కొక్కెం) విరిగితే మార్చడం తెలిసిన గన్‌స్మిత్ ఉంటాడు. నిన్న మొన్న పుట్టిన రైఫిల్ బోల్ట్ ఎంత నున్నగా జారినా ఈ మూడూ దానికి ఉండవు. కాదనేవాళ్లు కారణం చెప్పండి.

#2 లోహదృష్టి

"ఒకే డిజైన్ ఏళ్ల తరబడి" అన్నారే, పొరపాటు అక్కడే ఉంది. బారెల్ మీద చెక్కిన పేరు అలాగే ఉంటుంది, లోపల సరుకు మారిపోతుంది.

వించెస్టర్ 70నే తీసుకోండి. 1936లో వచ్చినప్పుడు మౌజర్ 98 (పాత జర్మన్ సైనిక రైఫిల్) తరహా పొడవాటి పంజా ఎక్స్‌ట్రాక్టర్ ఉండేది. 1964లో ఖర్చు తగ్గించుకోవడానికి దాన్ని తీసేసి పుష్ ఫీడ్ (తూటాను పట్టుకోకుండా బోల్ట్ ముందుకు తోసే పద్ధతి) పెట్టారు. 1990లలో పంజా మళ్లీ వచ్చింది. 2006లో న్యూ హేవెన్ ఫ్యాక్టరీ మూతపడింది, 2008 నుంచి సౌత్ కరోలినాలో ఎఫ్‌ఎన్ అనే కంపెనీ చేతికి వెళ్లింది. ఒక్క పేరు కింద ఇన్ని రైఫిళ్లు. "వించెస్టర్ నమ్మకమైనది" అంటే వీటిలో దేని గురించి?

ఇంకా పాత ఉదాహరణ కావాలంటే స్ప్రింగ్‌ఫీల్డ్ 1903 అనే అమెరికా సైనిక రైఫిల్. స్ప్రింగ్‌ఫీల్డ్ ఆర్మరీలో 8,00,000 లోపు, రాక్ ఐలండ్‌లో 2,85,507 లోపు నంబర్లున్న రిసీవర్లతో (బోల్ట్ కదిలే ఉక్కు చట్రం) కాల్చవద్దంటారు. అప్పట్లో ఉక్కు ఎంత కాగిందో రంగు చూసి కంటితోనే అంచనా వేసేవారు. వెలుతురు ఎక్కువున్న రోజు అదే రంగు తక్కువ వేడిలా కనిపిస్తుంది, ఇంకాస్త కాచేవారు, ఉక్కు మాడి పెళుసెక్కేది. పేరు, మోడల్, డ్రాయింగులు అన్నీ అవే. తేడా అంతా సీరియల్ నంబరులోనే. అందుకే కంపెనీ కంటే ముందు తయారైన ఏడు, ఆ తర్వాత నంబరు, ఆపై చేతిలో ఉన్న ఆ ఒక్క రైఫిల్ చూడాలి.

#3 ఒంటిగుండు

లోహదృష్టి గారి మాటకు తిరగేసిన ఉదాహరణ కూడా ఉంది. వెదర్‌బీ వాన్‌గార్డ్ గొప్పదని, హోవా 1500 చవకరకమని వాదించుకునేవాళ్లను చూస్తే నవ్వొస్తుంది. రెండూ జపాన్‌లో హోవా చేసే ఒకే యాక్షన్ (బోల్ట్, రిసీవర్ కలిసిన యంత్రభాగం). స్టాక్, ఫినిష్, బారెల్ మీద అక్షరాలు వేరు. ఎక్స్‌ట్రాక్టర్, ఎజెక్టర్ (ఖాళీ కేసును బయటికి విసిరేది), లగ్గులు (బోల్ట్‌ని బిగించి పట్టే పళ్లు) అవే. అంటే అక్కడ గొడవ పడుతున్నది లోగో గురించి.

#4 పాతఉక్కు

సరే, పేరు కాదు, యాక్షన్ అనుకుందాం. అప్పుడైనా కంట్రోల్డ్ ఫీడ్‌దే పైచేయి అని ఒప్పుకుంటారా? తూటా మ్యాగజైన్ నుంచి పైకి లేస్తుండగానే దాని అంచు పంజా కిందికి దూరుతుంది. బోల్ట్‌ని సగంలో ఆపి వెనక్కి లాగినా తూటా దానితోపాటే వస్తుంది. పుష్ ఫీడ్‌లో అలా చేస్తే మొదటి తూటా ముందే ఉండిపోతుంది, వెనక నుంచి రెండోది వచ్చి గుచ్చుకుంటుంది. కంగారులో జరిగే పొరపాటు ఇదే. పెద్ద జంతువుల వేటకు మౌజర్ తరహానే ఎందుకు వాడతారో దీన్నిబట్టి తెలుస్తుంది.

#5 గేజ్‌రాయుడు

ఆ లాభం నిజమే. దానికి ఖరీదు కూడా ఉంది, అది ఎవరూ చెప్పరు. అసలు మౌజర్ 98లో తూటాను వేళ్లతో నేరుగా చాంబర్‌లో (బారెల్ వెనక తూటా కూర్చునే చోటు) పెట్టి బోల్ట్ మూస్తే పంజా అంచు మీదుగా ఎక్కదు. బలవంతంగా తోస్తే పంజా చిట్లుతుంది. మ్యాగజైన్ నుంచే ఎక్కించాలి. ముందువైపు వాలుగా సాన పెట్టిన ఎక్స్‌ట్రాక్టర్లకు ఈ ఇబ్బంది లేదు.

ఎజెక్టర్ సంగతీ చూడండి. మౌజర్‌ది స్థిరమైన రేకు. బోల్ట్‌ని ఎంత జోరుగా లాగితే ఖాళీ కేసు అంత దూరం పడుతుంది, మెల్లగా లాగితే పక్కనే పడుతుంది. దుమ్ము పట్టినా ఆగదు. పుష్ ఫీడ్‌లో ఎక్కువగా ఉండేది స్ప్రింగ్ మీద కూర్చున్న ప్లంజర్. ఇత్తడి పొడి ఆ రంధ్రంలో చేరి గట్టిపడుతుంది, ప్లంజర్ లోపలే ఇరుక్కుపోతుంది, కేసు బయట పడకుండా బోల్ట్ ముందే వేలాడుతుంది. "ఈ కంపెనీ ఎజెక్టర్ దండగ" అని ఫిర్యాదు వచ్చేది ఇక్కడే. బోల్ట్ బయటికి తీసి చెక్క పుల్లతో ప్లంజర్‌ని నొక్కి వదలండి. టక్కున పూర్తిగా పైకి రావాలి. బద్ధకంగా లేస్తే పిన్ను తీసి, రంధ్రం శుభ్రం చేసి, స్ప్రింగ్ మార్చండి. పిన్ను తీసేటప్పుడు ప్లంజర్ మీద వేలు ఉంచండి, కంటికి అద్దాలు పెట్టుకోండి, లేకపోతే అది గదిలో ఏ మూలకు ఎగిరిందో వెతుక్కోవాల్సిందే.

రెమింగ్టన్ 700లో చూడాల్సింది ఇంకొకటి ఉంది. దాని హ్యాండిల్ బోల్ట్‌కు బ్రేజింగ్‌తో అతికిస్తారు. అతుకు కాస్త పక్కకు పడితే హ్యాండిల్ మొదలు రిసీవర్ వెనక ఉన్న వాలుకు ఆనదు, కేసును మొదట కదిలించే లివర్ బలం పోతుంది. ఖాళీ రైఫిల్‌లో హ్యాండిల్ ఎత్తుతూ గమనించండి: ఎత్తడం చివరికొచ్చేసరికి బోల్ట్ మొత్తం స్పష్టంగా కొద్దిగా వెనక్కి జరగాలి. జరగకపోతే కేసు పట్టేసిన రోజు అరచేత్తో కొట్టి తెరవాలి. అదే మోడల్, అదే ఏడాదివి రెండు పక్కపక్కన పెట్టినా ఒకదానిలో ఈ తేడా ఉంటుంది, ఇంకోదానిలో ఉండదు.

#6 కొత్తపిట్ట

సెకండ్ హ్యాండ్ 700 ఒకటి చూస్తున్నాను. ట్రిగ్గర్ గురించి భయపెడుతున్నారు. ఏది చూడాలో ఎవరైనా వివరంగా చెప్పండి.

#7 లోహదృష్టి

700 వచ్చింది 1962లో. మొదటి నుంచి 2000ల దాకా వాడింది వాకర్ ట్రిగ్గర్. అందులో ట్రిగ్గర్ ముక్కకూ సియర్‌కూ (ఫైరింగ్ పిన్నును ఆపి ఉంచే ముక్క) మధ్య కనెక్టర్ అనే పలుచని రేకు ఉంటుంది, దాన్ని దేనికీ బిగించరు. కాల్చిన ప్రతిసారీ అది ట్రిగ్గర్ నుంచి ఎడంగా జరిగి మళ్లీ వెనక్కి రావాలి. ఆ సందులో మురికి గానీ గడ్డకట్టిన నూనె గానీ చేరితే పూర్తిగా రాదు, సియర్‌కు దొరికే ఆసరా తగ్గుతుంది. కోర్టుల్లో నడిచిన వాదన ఇదే, కంపెనీ మాత్రం డిజైన్‌లో లోపం ఉందని ఒప్పుకోలేదు. దాని తర్వాత వచ్చిన ఎక్స్-మార్క్ ప్రో ట్రిగ్గర్‌కు 2014 ఏప్రిల్‌లో రీకాల్ ఇచ్చారు. 2006 మే 1 నుంచి 2014 ఏప్రిల్ 9 మధ్య తయారైనవాటికి అది వర్తించింది. కారణం బిగింపులో వాడిన జిగురు ఎక్కువ కావడం.

ఇంకో సంగతి: 1982కు ముందువాటిలో సేఫ్టీ వేస్తే బోల్ట్ కూడా లాక్ అవుతుంది. తూటా తీయాలంటే సేఫ్టీ తప్పించక తప్పదు, ప్రమాదం పొంచి ఉండేది సరిగ్గా ఆ క్షణంలోనే.

కొనేముందు చేయాల్సినవి. చాంబర్, మ్యాగజైన్ ఖాళీ అని కంటితో చూసి, వేలితో తడిమి నిర్ధారించుకోండి. తూటాలు ఆ గదిలోనే ఉండకూడదు. బోల్ట్ మూసి, సేఫ్టీ వేసి, ట్రిగ్గర్ గట్టిగా నొక్కి వదిలేయండి. ఇప్పుడు ట్రిగ్గర్ తాకకుండా సేఫ్టీ తప్పించండి, ఫైరింగ్ పిన్ను పడకూడదు. ఇలా పదిసార్లు. తర్వాత సేఫ్టీ లేకుండా బోల్ట్‌ని జోరుగా పదిసార్లు మూయండి, ఒక్కసారి కూడా పిన్ను జారకూడదు. ఆపైన కాక్ చేసి ఉంచి, రబ్బరు సుత్తితో స్టాక్ మడమ మీదా పక్కలా తట్టండి. వీటిలో ఒక్కసారి పడినా ఆ ట్రిగ్గర్‌ని బాగుచేయించే ఆలోచన మానండి, మొత్తం యూనిట్ మార్చండి. అన్నీ నెగ్గినా వాకర్ అయితే నేను మార్చమనే అంటాను. మురికి చేరేదాకా ఏ పరీక్షలోనూ అది పట్టుబడదు.

#8 పాతఉక్కు

చూశారా, మార్చడానికి ట్రిగ్గర్ యూనిట్లు అంత తేలికగా దొరుకుతున్నాయంటే అది పెద్ద పేరు వల్లనే. నా మొదటి మాట అదేగా. 700 కొలతలకు ట్రిగ్గర్లు, స్టాక్‌లు, బారెళ్లు ఎంతమంది చేస్తున్నారో లెక్కలేదు. 2020లో రెమింగ్టన్ రెండోసారి దివాలా తీసి ముక్కలుగా అమ్ముడైనా ఆ రైఫిల్ అనాథ కాలేదు.

#9 ఒంటిగుండు

ఇది ఒప్పుకోవాల్సిందే. విడిభాగాల విషయంలో పాతఉక్కు గారు గెలిచారు. కానీ అది బాగుచేసుకునే వీలు, అసలు చెడిపోకపోవడం వేరు. ఈ రెండూ కలిపేయడం వల్లే సగం గొడవ.

#10 సగటుమనిషి

మీరంతా ఇనుము గురించి మాట్లాడుతున్నారు, లెక్క గురించి ఎవరూ మాట్లాడటం లేదు. "ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా మొరాయించలేదు" అన్న మాటకు ఎంత బరువుందో చూద్దాం. 300 తూటాలు ఒక్క తడబాటు లేకుండా పేలాయనుకోండి. 95 శాతం నమ్మకంతో చెప్పగలిగేది, తడబాటు రేటు 1 శాతం లోపే ఉంటుందని మాత్రమే. మూడుని తూటాల సంఖ్యతో భాగించండి, అదే హద్దు. ఏడాదికి 20 తూటాలు కాల్చే వేటగాడికి ఆ 300 చేరడానికి 15 ఏళ్లు. వెయ్యికి ఒక్కటి లోపే అని తేల్చాలంటే 3,000 కాల్చాలి. 6.5 క్రీడ్‌మూర్ తూటా కాల్చే బారెల్ ఆయుష్షు దాదాపు అంతే. నమ్మకం కుదిరేసరికి బారెల్ అయిపోతుంది!

గురి విషయంలోనూ ఇంతే. మూడు గుండ్ల గ్రూప్ చూపించి "ఒక్క మినిట్ రైఫిల్" (వంద గజాల దూరంలో దాదాపు ఒక అంగుళం చెదురు) అంటారు. అదే రైఫిల్, అదే తూటా, పది గుండ్లు కాలిస్తే గ్రూప్ సగటున 1.6 రెట్లు అవుతుంది, అయిదు గుండ్లకు 1.25 రెట్ల పైన. రైఫిల్ పాడైనట్టు కాదు, చెదురు ఎప్పుడూ అంతే ఉంది, మూడు గుండ్లకు కనిపించలేదు. ఒక కంపెనీ అభిమాని మూడేసి, ఇంకొకడు పదేసి కాల్చి పోల్చుకుంటే కొట్లాట కాక ఏమవుతుంది? ఫిర్యాదుల సంఖ్యా అంతే. ఎక్కువ అమ్ముడైనదానికి ఎక్కువ ఫిర్యాదులు వస్తాయి. ఎన్ని అమ్మారో తెలియకుండా ఎన్ని చెడ్డాయో చెప్పి లాభం లేదు.

#11 గేజ్‌రాయుడు

లెక్క సరే, ఒక సవరణ. అన్ని తడబాట్లకూ బారెల్ అరగక్కర్లేదు. ఫీడింగ్, ఎక్స్‌ట్రాక్షన్, ఎజెక్షన్ డమ్మీ తూటాలతో చూడొచ్చు. ప్రతి మ్యాగజైన్‌నీ నిండుగా నింపి నెమ్మదిగా ఒకసారి, జోరుగా ఒకసారి, రైఫిల్‌ని పక్కకు వంచి ఒకసారి నడపండి. మ్యాగజైన్‌కు నంబరు వేసుకోండి. తడబాటు ఎప్పుడూ 2వ నంబరులోనే వస్తుంటే తప్పు రైఫిల్‌ది కాదు, ఆ మ్యాగజైన్ పెదవులదీ స్ప్రింగ్‌దీ.

నన్నడిగితే కంపెనీ మీద పడే నిందల్లో పెద్ద వాటా తూటాదీ, స్క్రూలదీ. చరిత్రలో పెద్ద ఉదాహరణ ఎం16. వియత్నాంలో అది మొరాయించినప్పుడు అందరూ రైఫిల్‌నే తిట్టారు. 1967లో అమెరికా కాంగ్రెస్ ఉపసంఘం తవ్వితే బయటపడింది వేరు: తూటాలో మందు రకం మార్చి, దానికి తగ్గట్టు రైఫిల్‌ని సరిచూడలేదు. చాంబర్‌కు క్రోమ్ పూత లేదు, సైనికులకు శుభ్రం చేసుకునే కిట్లు సరిగా అందలేదు.

ప్రైమర్ (తూటా అడుగున ఉండి మందును అంటించేది) మీద దెబ్బ తేలిగ్గా పడుతోందంటే వరసగా చూడండి. రెండోసారి కొడితే పేలిందా? అయితే ప్రైమర్ సరిగా కూర్చోలేదు. కేసు అడుగు కంటే 0.003 నుంచి 0.005 అంగుళం లోపలికి ఉండాలి. మొదటిసారి పేలకపోతే గొట్టం గురివైపే ఉంచి 30 సెకన్లు ఆగాలి, ఇది మరవద్దు. సొంతంగా నింపిన తూటాలకే వస్తోందా? కేసును తిరిగి ఆకృతికి తెచ్చే డైని ఎక్కువ దింపి కేసు భుజాన్ని వెనక్కి తోసేసి ఉంటారు. బోల్ట్ రైఫిల్‌కు భుజం 0.002 అంగుళం జరిగితే చాలు. ఫ్యాక్టరీ తూటాలకూ వస్తుంటే హెడ్‌స్పేస్ (మూసిన బోల్ట్‌కూ చాంబర్‌లో తూటా ఆనే చోటికీ మధ్య దూరం) కొలవండి. 308 వించెస్టర్ తూటాకు గో గేజ్ (దీని మీద బోల్ట్ మూసుకోవాలి) 1.630, నో-గో (దీని మీద మూసుకోకూడదు) 1.634 అంగుళాలు. ఎక్స్‌ట్రాక్టర్, ప్లంజర్ తీసేసి, రెండు వేళ్ల బలంతోనే మూయాలి. బలంగా తిప్పితే గేజ్ అబద్ధం చెబుతుంది.

#12 చలిమర

ప్రైమర్ పేలకపోవడం చలిలో మాత్రమే వస్తుంటే గేజ్ దాకా వెళ్లకండి. బోల్ట్ విప్పితే లోపల పిన్ను స్ప్రింగ్ చుట్టూ గ్రీజు కనిపిస్తుంది. గడ్డకట్టిన గ్రీజులో పిన్ను ఈదుతూ వస్తోందన్నమాట. సాల్వెంట్‌తో కడిగి, ఆరబెట్టి, పొడిగానే బిగించండి. లగ్గుల వెనక మాత్రం చుక్క గ్రీజు ఉండాలి. చాంబర్‌కు నూనె పూసి వదలకండి, కేసు గోడలు పట్టు తప్పి ఒత్తిడంతా బోల్ట్ మీద పడుతుంది.

#13 ఒంటిగుండు

గేజ్‌రాయుడు స్క్రూల మాట ఎత్తి వదిలేశారు. గురి తప్పుతోందంటే ముందు టార్క్ రెంచి తీయండి. అల్యూమినియం బెడ్డింగ్ (యాక్షన్ ఆనే పడక) ఉన్న 700 స్టాక్‌కు యాక్షన్ స్క్రూలు 65 ఇంచ్-పౌండ్లు, అంటే 7.3 న్యూటన్ మీటర్లు. చెక్క స్టాక్‌కు అంత బిగిస్తే చెక్క నలుగుతుంది, 40 దగ్గర ఆగండి. స్కోప్ రింగ్ మూతలు 15 నుంచి 18. టిక్కా టీ3లో రికాయిల్ లగ్ (వెనక్కి తన్నే దెబ్బను స్టాక్‌కు చేర్చేది) స్టాక్‌లో కూర్చునే విడి ముక్క, అల్యూమినియంది. గట్టి తూటాలకు దాని మీద గాడి పడిందేమో విప్పి చూడండి. టీ3ఎక్స్‌లో దాన్ని ఉక్కుకు మార్చారు, పాతదానికీ ఉక్కు లగ్ వేసుకోవచ్చు.

#14 పాతఉక్కు

అయితే కొత్తపిట్టకు సలహా నేనే ఇస్తాను. ఆ 700 నంబరు చూడు, ట్రిగ్గర్ ఏదో కనుక్కో, హ్యాండిల్ ఎత్తి బోల్ట్ వెనక్కి జరుగుతోందో లేదో చూడు, ప్లంజర్ నొక్కు. ఇవన్నీ చూడనివ్వని అమ్మకందారు దగ్గర ఏ పేరున్న రైఫిలూ కొనకు. లోహదృష్టి గారూ, 1964 ముందు వించెస్టర్ సంగతి మాత్రం ఒప్పుకోను, దానికి వేరే చర్చ పెట్టండి.

#15 కొత్తపిట్ట

చూశాను. బోల్ట్ జరుగుతోంది, ప్లంజర్ బాగానే లేస్తోంది. సేఫ్టీ వేస్తే బోల్ట్ తెరుచుకోవడం లేదు.

#16 లోహదృష్టి

అయితే అది 1982కు ముందుది, లోపల ఉన్నది వాకర్. కొత్త ట్రిగ్గర్ యూనిట్ ఖర్చు ధరలోంచి తగ్గించమని అడుగు, అది బిగించేదాకా తూటా ఎక్కించకు.