‘నాక్ ఆఫ్’ అంటే కొట్టేయడమేనా?

ఇంగ్లీషు ‘నాక్ ఆఫ్’ (knock off) అంటే ఏంటని ఒక తమ్ముడు అడిగాడు. వాళ్ల లండన్ మేనేజర్ సాయంత్రం చాట్‌లో ‘ఐయామ్ నాకింగ్ ఆఫ్ నౌ’ అని పెట్టాడంట. తమ్ముడు డిక్షనరీ తీస్తే చంపడం, దొంగిలించడం అని కనబడిందంట. టెన్షన్ వద్దు తమ్ముడూ, ఆయన డ్యూటీ దిగి ఇంటికి పోయాడు, అంతే.

ఈ మాటలో ముందు చూడాల్సింది వ్యాకరణంలోని కర్మ, అంటే దేన్ని, ఎవరిని అనేది. దేన్ని అని చెప్పకుండా వదిలేస్తే పని ముగించాడని. మనిషి పేరు చెప్తే ఖూనీ, మన సినిమాల భాషలో ‘లేపేశాడు’. వస్తువైతే, ముఖ్యంగా బ్రిటన్ వాళ్ల నోట, దొంగతనం కావచ్చు. తమ్ముడికి జవాబుగా ఒకన్న ‘పడగొట్టు’ అని రాశారు. టేబుల్ మీది గ్లాసు చెయ్యి తగిలి పడితే అదీ సరే.

నన్నడిగితే మన ‘కొట్టేయ్’ దీనికి దగ్గరి చుట్టం. పర్సు కొట్టేశారంటే దొంగతనం. కోర్టు కేసు కొట్టేసిందంటే ఎవరినీ దెబ్బలు కొట్టలేదు కదా! కర్నూల్లో బట్టలంగడికి పోతే బిల్లు 1,030 అయిందనుకోండి. ‘పై ముప్పై కొట్టెయ్యన్నా’ అంటాం. అంగడాయన కాసేపు గొణిగి, అంకె మీద పెన్నుతో అడ్డగీత గీసి, కింద 1,000 వేస్తాడు. ఇంగ్లీషులో అదే ‘నాక్ థర్టీ ఆఫ్’.

అంకె మధ్యలో దూరింది గమనించారా? ‘ఇట్’, ‘హిమ్’ లాంటి సర్వనామాలైతే మధ్యలోనే రావాలి, ‘నాక్ ఆఫ్ ఇట్’ అనకూడదు. ‘నాక్ ఇట్ ఆఫ్!’ అని గట్టిగా అంటే మాత్రం ‘ఇంక చాలించు’ అని. కొట్లాడుకునే పిల్లలను అలా కసురుతారు.

నామవాచకంగా ‘నాకాఫ్’ అంటే నకలు సరుకు. మన ఫుట్‌పాత్ మీద ‘ఫస్ట్ కాపీ’ అని అమ్మే బూట్లు అవే. కాపీని కూడా మనం కొడతాం మరి!

పని దిగడం అనే అర్థానికి ఒక కథ చెప్తారు: ఓడలో తెడ్లు వేసేవాళ్లకు చెక్క మీద తాళం కొట్టేవాడు, ఇక ఆపమని వేరే దెబ్బ కొట్టేవాడని. వినడానికి బాగుంది, కథగానే వినండి.

ఈ పని దిగడం అనే అర్థం దగ్గర మాత్రం ‘కొట్టేయ్’ పనికిరాదు. మన వైపు ‘బడి ఇడిసినారు’ అంటాం కదా, ‘పని ఇడిసినారు’ దీనికి సరిపోతుందని నాకనిపిస్తుంది. అనంతపురం, కడప వాళ్లు శెనక్కాయ చేలల్లో కూలోళ్లు పని ఆపితే ఏమంటారో చెప్పండి.