జేబు చాకు: వానాకాలం ట్రెక్కింగ్‌కి ఏది నయం?

అడవిబాట: పోయిన వర్షాకాలంలో అనంతగిరి కొండలకి వెళ్లినప్పుడు నా దగ్గర ఒపినెల్ నంబర్ 8 అనే ఫ్రెంచ్ మడత చాకు ఉంది. రెండు రోజులు ఆగని వాన. మూడో రోజు పొద్దున్న బత్తాయి కోద్దామంటే చాకు తెరుచుకోదే! చెక్క పిడి నీళ్లు తాగి ఉబ్బి, బ్లేడుని పట్టేసింది. నా గోరు విరిగింది గానీ అది మాత్రం కదల్లేదు. మీకెవరికైనా ఇలా అయిందా?

పాతసాన: అందరికీ అయ్యేదే. మెడ దగ్గర రింగు తిప్పి లాక్ తీసి, పిడి కొసని రాయి మీద రెండు మూడు సార్లు తట్టండి. బ్లేడు కాస్త పైకి లేస్తుంది, వేళ్లతో లాగొచ్చు. పిడి బాగా ఆరాక, బ్లేడు దిగే గాడిలో కొవ్వొత్తి రుద్ది ఉంచండి.

నాది కార్బన్ స్టీలు. మామిడికాయ కోస్తే నల్లబడుతుంది. మా ఆవిడ తుప్పు అంటుంది. తుప్పయితే ఎర్రగా ఉంటుంది, ఈ నల్లపొర ఉంటేనే మంచిది. తుడిచి చుక్క కొబ్బరినూనె రాస్తే చాలు. సానరాయి లేకపోతే పింగాణీ కప్పు తిరగేయండి, అడుగున గరుకు అంచు ఉంటుంది కదా, దాని మీదే నూరుకోవచ్చు.

గోదారిగట్టు: నాది చిన్న విక్టోరినాక్స్, స్విస్ మడత చాకు. బ్లేడు మూసుకోకుండా ఆపే లాక్ లేదు. వెదురుకి బెజ్జం పెడదామని మొన గుచ్చి తిప్పితే ఠక్కున మూసుకుంది. చూపుడువేలికి మూడు కుట్లు. తప్పు నాదేలెండి.

కొలిమికబుర్లు: మడత చాకుతో కర్రలు చీల్చకండి, ఇరుసు వదులైపోతుంది. దానికి స్వీడన్ మోరా లాంటి మడవని చాకు ఉండాలి. మా ఊరి కమ్మరి లారీ కమాను పట్టీతో చేసిచ్చిన కత్తి ఇంకా గట్టిది, కాకపోతే మోయలేం.

వానలో నిప్పు రాజేయాలంటే, కర్ర పైన తడిసినా లోపల పొడిగానే ఉంటుంది. చీల్చి, లోపలి చెక్కని పల్చగా చెక్కండి. పేళ్లు ఊడిపోకూడదు, చివర చుట్టలు చుట్టుకుని కర్రనే అంటుకుని ఉండాలి. కింద కొబ్బరి పీచు, ఒక కర్పూరం బిళ్ల. పూజగదిలోంచి నాలుగు బిళ్లలు ఎప్పుడూ నా సంచిలోకి వస్తాయి! ఇదంతా మన తోటలోనో పెరట్లోనో. రిజర్వు ఫారెస్టులో నిప్పు రాజేస్తే కేసే.

కొత్తమనిషి: పోలీసులు పట్టుకుంటే? నాకదే టెన్షన్.

పాతసాన: 2016 ఆయుధ నియమాల ప్రకారం బ్లేడు 9 అంగుళాల కంటే పొడవుగానో, 2 అంగుళాల కంటే వెడల్పుగానో ఉంటే లైసెన్సు మాట వస్తుంది. ఇంటిపనికి, వ్యవసాయానికి చేసినవాటికి మినహాయింపు ఉంది. మన మడత చాకులు 4 అంగుళాలు కూడా దాటవు. అయినా జాతరలో జేబులోంచి తీసి తిప్పితే ఎవరూ ఊరుకోరు. విమానంలో అయితే చెక్-ఇన్ సామాన్లోనే వేయాలి.

అడవిబాట: తట్టే చిట్కా పనిచేస్తుందో లేదో చూద్దామని చాకుని రాత్రంతా చెంబులో నీళ్లలో నానబెట్టి, ఇప్పుడే రుబ్బురోలు మీద తట్టా. నాలుగో దెబ్బకి వచ్చింది. "పొద్దున్నే రోలు మీద ఆ దరువేంట్రా" అని అమ్మ వంటింట్లోంచి అరుస్తోంది.